ఆటయంత్రమునకు అలమార

‘కన్సోల్’ అను మాట ఆటయంత్రమునకు పేరుగా స్థిరపడుటకు చాలకాలము పూర్వమే గృహోపకరణమునకు పేరై యుండెను. ఫ్రెంచి భాషలో గోడనుండి ముందునకు పొడుచుకొని వచ్చి పైబరువును మోయు కొయ్యను గాని రాతిని గాని ఆ పేరుతో పిలిచెడివారు. ఆపై గోడకు ఆనించి నిలుపు సన్నని బల్లకు ఆ పేరు వచ్చినది. ఆర్గన్ వాద్యమున మెట్లు అమర్చిన పీఠమును కూడ కన్సోల్ అనిరి. ఇరువదవ శతాబ్దిలో రేడియోయు, టెలివిజనును వచ్చినపుడు, నేలమీద నిలుచు పెద్ద కొయ్యపెట్టెలకు అమెరికా వర్తకులు ఆ పేరే పెట్టిరి. కడకు ఆ టెలివిజన్‌కు తగిలించు ఆటపెట్టెకు అది సంక్రమించినది. కనుక నేడు అమెరికాలోను, ఐరోపాలోను, జపానులోను కొందరు గృహస్థులు పాత ఆటయంత్రములను అలమారలలోను బల్లలలోను పొదిగించుకొనుచుండుట చూచి, ఇదేమి వింత యని ఆశ్చర్యపడ నక్కరలేదు. మాట తన పుట్టింటికి తిరిగి వచ్చుచున్నది.

ఈ పనికి పూనుకొనుచున్నవారు ప్రాయికముగా 1980, 1990 దశకములలో బాల్యమును గడపినవారు. నాడు తండ్రి కొనిపెట్టినదో, పొరుగింట చూచి మోజుపడినదో, ఆ యంత్రమును నేడు వెదకి కొనుచున్నారు. ఒకటి రెండగును, రెండు ఆరగును. ఒక్కొక్క దానికి విద్యుత్తు తీగ ఒకటి, టెలివిజన్‌కు పోవు తీగ ఒకటి, రెండు కంట్రోలర్లు, వాని తీగలు. ఆరు యంత్రములు చేరునప్పటికి ముందుగది వలలు ఆరవేసిన చేపలరేవు వలె నగును. ఇంటివారు విసుగుకొందురు. అప్పుడు వడ్రంగి జ్ఞప్తికి వచ్చును. కాఫీ త్రాగు పొట్టిబల్లకు అద్దపు మూత వేసి దానిక్రింద యంత్రమును అమర్చువారు కలరు. పాడైన పాత టెలివిజన్ కొయ్యపెట్టెను తెచ్చి, అందలి పిక్చర్ ట్యూబును తీసివేసి, ఆ చోట యంత్రములను నిలుపువారు కలరు. (విద్యార్థులెవ్వరును ఈ పనికి దిగరాదు. విద్యుత్తును నిలిపివేసిన పిమ్మట కూడ ఆ ట్యూబులో వేల వోల్టుల శక్తి దాగి యుండును.) యంత్రమునకొక అర చొప్పున గోడపొడవున అలమార చేయించి, తీగలన్నిటిని వెనుకగా నడిపించి, ఒక్క మీట త్రిప్పినంతనే కావలసిన యంత్రపు బొమ్మ తెరమీదికి వచ్చునట్లు చేసికొనువారును కలరు.

నలువదియేండ్లు దాటినవారికి ఈ పిల్లచేష్ట యేల యని దీనిని త్రోసివేయుట సులభము. కాని అటు త్రోసివేయువారును, ఇటు మురిసిపోవువారును అడుగని ప్రశ్న ఒకటి కలదు. అలమార పూర్తియై, మెరుగునూనె పట్టించి, చుట్టములకు చూపుట అయిన పిమ్మట, ఆ యంత్రముతో ఎవరైన ఆడుదురా?

ఆటయంత్రము పుట్టుకనుండియు కలపవేషముననే యున్నది. జర్మనీలో జన్మించి, నాజీల పీడనమునకు వెరచి 1938లో కుటుంబముతో అమెరికా చేరిన రాల్ఫ్ బేర్ అను యూదు ఇంజనీరు, టెలివిజన్‌ను చూచుటకే కాక ఆడుటకును వాడవచ్చునను తలంపుతో, న్యూ హాంప్‌షైర్‌లోని సాండర్స్ అసోసియేట్స్ సంస్థయందు 1966లో ప్రయోగములు ప్రారంభించెను. రెండేండ్ల కృషి మీదట సిద్ధమైన నమూనాపెట్టెకు ఆయన బృందము కలపగీతలు ముద్రించిన అంటురేకును చుట్టెను. అందుచేత దానికి ‘గోధుమరంగు పెట్టె’ యని పేరు వచ్చినది. నేడది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలల అధీనమున కలదు. దానినే మాగ్నవాక్స్ అను టెలివిజన్ కంపెనీ 1972లో ‘ఒడిస్సీ’ యను పేర విక్రయమునకు పెట్టెను. ఆ యంత్రము తెరపై కొన్ని చుక్కలను, ఒక గీతను తప్ప వేరేమియు చూపజాలదు. అందుచే రంగు ప్లాస్టిక్ రేకులను పెట్టెతోపాటు ఇచ్చెడివారు. వానిని టెలివిజన్ తెరకు అంటించి, చుక్కను బంతియనియు, రేకును మైదానమనియు భావించి ఆడుకొనెడివారు. సగము ఆట యంత్రములోను, సగము ఆడువాని ఊహలోను జరిగెడిది.

1977లో అటారీ సంస్థ వెలువరించిన ‘వీడియో కంప్యూటర్ సిస్టమ్’ ముఖభాగమునను కలపగీతలే. అదియు నిజమైన కలప కాదు. నాటి అమెరికా ముందుగదులలో టెలివిజన్, రేడియో, పాటలపెట్టె అన్నియు కొయ్యతోనో కొయ్యరంగుతోనో ఉండెను గనుక, క్రొత్తకోడలు అత్తవారింటి వరుసలు నేర్చుకొన్నట్లు ఆటయంత్రమును ఆ రంగు పూసికొన్నది. జపానులోని ముచ్చట వేరు. 1978లో తైతో సంస్థ తరఫున తొమొహిరో నిషికాదో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ ఆట అచ్చటి కాఫీ హోటళ్ళలోనికి బల్ల రూపమున ప్రవేశించినది. అద్దపు పలకక్రింద తెర వెల్లకిల పరుండి యుండును. అంచులకు మీటలు. నాణెము వేసినవాడు ఆడును. వేయనివాడు దానిపైననే కప్పు పెట్టుకొని కాఫీ త్రాగి పోవును. నేడు ఇండ్లలో అద్దపుబల్లలు చేయించుకొనువారు ఎరిగియో ఎరుగకయో ఆ కాఫీబల్లనే అనుకరించుచున్నారు. అయితే ఆ హోటలు బల్లమీద ఆట ఆగిన యెడల యజమానికి నష్టము. ఇంటి బల్లలో ఆట ఆగినను ఎవరికిని తెలియదు.

యంత్రమునకు ఇంటివస్తువు వేషము వేయుటలో గల ప్రమాదమునకు నింటెండో కథను మించిన దృష్టాంతము దొరకదు. ఆ సంస్థ 1983 జులై 15న జపానులో ‘ఫామికామ్’ అను ఆటయంత్రమును విడుదల చేసెను. మసయుకి ఉయెమురా నాయకత్వమున తయారైన ఆ పెట్టె ఎరుపు తెలుపు రంగులతో బొమ్మవలె ముద్దుగా ఉండెను. ఆటలు గల కార్ట్రిడ్జిని పైనుండి నిలువుగా దించవలెను. పెట్టెకు ఇరుప్రక్కల రెండు గూళ్ళు. ఆట ముగిసిన పిమ్మట కంట్రోలర్లను ఆ గూళ్ళలో నిలిపి పెట్టవచ్చును. దానిని అమెరికాకు కొనిపోదమనుకొన్న సమయమునకు అచ్చట ఆ వ్యాపారము కుప్పకూలియుండెను. అమ్ముడుపోని సరకును అటారీ సంస్థ 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్పించినది. 2014లో త్రవ్వి చూడగా కార్ట్రిడ్జిలు బయల్పడినవి. వీడియో గేమ్ అను మాట వినినంతనే అంగడివారు ముఖము త్రిప్పుకొనుచున్న ఆ దినములలో, లాన్స్ బార్ అను రూపశిల్పి ఆ యంత్రమునకు బూడిదరంగు పెట్టె నొకదానిని కల్పించెను. అది ఆటవస్తువు వలె కనబడదు, వీడియో క్యాసెట్ రికార్డరు వలె కనబడును. ముందు రెప్పవంటి మూత నెత్తి, కార్ట్రిడ్జిని అడ్డముగా లోనికి త్రోసి, క్రిందికి అదుమవలెను. 1985లో న్యూయార్కులో దానిని అమ్మకమునకు పెట్టిరి. వేషము ఫలించినది. అంగడులు తలుపులు తెరచినవి.

ఆ వేషమునకు మూల్యమును చెల్లించినవారు పిల్లలు. పెట్టె లోపల 72 సూదులు గల సంధి యొకటి కలదు. కార్ట్రిడ్జిని త్రోసి అదుమునపుడెల్ల ఆ సూదులు రవంత వంగును. కొన్నియేండ్లకు వాని పట్టు సడలును. పరాయి సంస్థల ఆటలను అడ్డగించుటకై నింటెండో యంత్రములో ఒక కాపలా చిప్పును, ప్రతి కార్ట్రిడ్జిలో దాని జోడును ఉంచెను. పట్టు సడలినపుడు ఈ రెండును ఒకదానినొకటి గుర్తింపజాలక, కాపలా చిప్పు యంత్రమును మరల మరల మొదటికి త్రిప్పును. దీపము వెలిగి ఆరి, వెలిగి ఆరి, ఆట మాత్రము రాదు. పిల్లలు కార్ట్రిడ్జిని బయటికి లాగి, నోటితో ఊది, తిరిగి పెట్టెడివారు. లాగి పెట్టుట వలననే ఒక్కొక్కసారి సూదులు కుదురుకొనెడివి. ఊదుట వలన నోటితేమ తగిలి లోహము చెడును. ఊదవలదని సంస్థయే హెచ్చరించినది. కడకు 1993లో ఆ యంత్రమును తిరిగి రూపొందించునపుడు కార్ట్రిడ్జి పైనుండి నిలువుగా దిగునట్లు చేసిరి. అనగా పదియేండ్లు తిరిగి జపాను ఎరుపు తెలుపు పెట్టె కడకే వచ్చి చేరిరి. నిపుణులైన ఇంజనీర్లు గల సంస్థకే ఈ గతి పట్టినపుడు, ఆదివారము మధ్యాహ్నము రంపము పట్టిన గృహస్థు రెండు మారులు ఆలోచించుట మేలు.

అలమార చేయించువారు తరచుగా మరచునది వేడి. 1994లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ తొలి రకములలో డిస్కును చదువు భాగము విద్యుత్ సరఫరా భాగమునకు చేరువగా ఉండెను. వేడికిని రాపిడికిని దాని ప్లాస్టిక్ పట్టాలు అరిగి, బొమ్మలు ఆగి ఆగి నడిచెడివి. యజమానులు యంత్రమును బోర్లించి ఆడిన సంగతి లోకప్రసిద్ధము. 2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 కథ ఇంకను ఘోరము. బొమ్మలు గీయు చిప్పు వేడెక్కి, చల్లారి, మరల వేడెక్కి, కడకు దాని అతుకులు వీడిపోయి, ముందుభాగమున మూడు ఎఱ్ఱదీపములు వెలిగెడివి. 2007 జులైలో ఆ సంస్థ ఈ లోపమునకు మూడేండ్ల హామీని ప్రకటించి, నూరు కోట్ల డాలర్లకు పైబడిన మొత్తమును అందులకై లెక్కలలో కేటాయింపవలసి వచ్చెను. ఆరుబయట నిలిపినపుడే ఇట్టి పాట్లుపడిన యంత్రమును తలుపులు బిగించిన టేకుపెట్టెలో కూర్చుండబెట్టుట సాహసము. వేడిగాలి పైకిపోవునని ఆరవ తరగతి బాలునకు తెలియును. వెనుకపలక అడుగున కొన్ని రంధ్రములు, పైన కొన్ని రంధ్రములు తొలిపించినచో గాలి తన దారి తానే చూచుకొనును. పైన మాత్రమే తొలిపించి ఊరకుండుట, చిమ్నీ కట్టి పొయ్యిమూతిని మూసివేయుట వంటిది.

తెలుగునాట బొమ్మలకొలువు పెట్టు ఇండ్లలో ఒక మర్యాద కలదు. ఏడాదికొకమారు భోషాణములోని బొమ్మలు మెట్లమీదికి వచ్చును. పేరంటాండ్రు చూచి మెచ్చుకొందురు. పిల్లలు చేయి చాపినచో పెద్దలు వారింతురు. పండుగ ముగియగనే బొమ్మలు పాతగుడ్డలు చుట్టుకొని పెట్టెలోనికి పోవును. మట్టిబొమ్మకు ఆ మర్యాద తగినదే, అది చూడవలసిన వస్తువు. అద్దముక్రింద మరమేకులతో బిగింపబడి, చిన్నదీపముల వెలుగున మెరయుచున్న ఆటయంత్రమునకు అదే మర్యాద చేయుచున్నవారు మాత్రము పొరబడుచున్నారు. ఉపాధ్యాయులకు ఈ సంగతి వివరింప నక్కరలేదు. ఎన్ని పాఠశాలలలో అద్దాల బీరువా వెనుక సూక్ష్మదర్శినులు, త్రాసులు వరుసగా నిలిచి యుండవు! తనిఖీ అధికారి వచ్చుదినమున వానిని తుడిచి పెట్టుదురు. తాళపుచెవి ఏ మాస్టారి యొద్ద నున్నదో ఆ మాస్టారు ఆ దినమున సెలవులో నుండును. పగులునేమో యను భయముచే తెరువని బీరువాలోని సూక్ష్మదర్శిని పగులదు గాని, ఏ బాలునకును ఉల్లిపొరలోని కణమును చూపదు.

ఇది వట్టి వేడుక వస్తువైనచో ఇంత చర్చ అనవసరము. కాని ఈ ఆటల స్థితి ఇప్పుడు పలుచబడిన తాళపత్రముల స్థితివలె నున్నది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక పరిశీలనను ప్రకటించినది. 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 నాటి అంగడిలో ఏ రూపమునను కొనుటకు దొరకవని అందు తేలినది. పరిశోధకులు తమ తావుననే ఉండి, గ్రంథాలయముల యందలి అట్టి ఆటలను దూరమునుండి తెరచి చూచుకొనుటకు అనుమతింపవలసినదని కోరగా, అమెరికా కాపీరైటు కార్యాలయము 2024 అక్టోబరులో నిరాకరించినది. అచ్చులో లేని పుస్తకమునకు గ్రంథాలయము శరణ్యము, చదువుటకు కన్నులు చాలును. అచ్చులో లేని ఆటకు దానిని నడుపు యంత్రము కూడ కావలెను. ఆ యంత్రము తయారీ నిలిచి ముప్పది నలువదియేండ్లైనది. కనుక ముందుగదిలోని అలమార, దానిని చేయించినవాడు తలచినను తలపకున్నను, ఒక చిన్న గ్రంథాలయము. దానికి గ్రంథాలయపు ధర్మము అంటుకొనును. పుస్తకమును అరకు మేకుతో కొట్టిన గ్రంథాలయాధికారిని ఎవరు మెచ్చుకొందురు?

ఇంత శ్రమ యేల, అరచేతిలో ఇముడు చిన్న కంప్యూటరులోనికి ఆ ఆటలనెల్ల ఎక్కించి బల్లక్రింద అమర్చినచో చాలదా యనువారు కలరు. 2012లో బ్రిటనునుండి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న పలకలు నిజముగనే ఆ పనిని చేయుచున్నవి. పాత యంత్రము ఎట్లు నడచునో అట్లు నడచునట్లు నటించు ప్రోగ్రాములు వానియందు ఎక్కించుదురు. వేడి తక్కువ, తీగలు తక్కువ, వ్యయము తక్కువ. నింటెండో సంస్థయే 2016లో తన పాత పెట్టె రూపమున, 30 ఆటలు లోపల నింపిన బుల్లి యంత్రమును అమ్మినది. ఈ వాదమును తేలికగా కొట్టివేయరాదు. నిత్యము ఆడుటకు చిన్నపలకను వాడి, అసలు యంత్రమునకు విశ్రాంతి నిచ్చుట వివేకమే. ఆటల ప్రతులను అనుమతి లేక ఎక్కించుకొనుట మాత్రము చట్టసమ్మతము కాదు. అయినను నటన నటనయే యగు తావులు కొన్ని కలవు.

నింటెండో వారి కాంతి తుపాకిని చూడుడు. ‘డక్ హంట్’ అను ఆటలో బాలుడు తెరపైని బాతుకు గురిపెట్టి మీట నొక్కును. తుపాకి నుండి కాంతి వెలువడునని చూచువారు భ్రమింతురు. అది కాంతిని వెలువరింపదు, గ్రహించును. మీట నొక్కినంతనే తెర యొక్క క్షణభాగము నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రము తెల్లని చతురస్రము మెరయును. తుపాకి గొట్టములోని కాంతిగ్రాహకము నలుపు పిమ్మట తెలుపును చూచినచో గురి తగిలినట్లు లెక్క. ఇదంతయు కంటికి ఆననంత త్వరగా జరుగును. క్షణమునకు 60 మారులు బొమ్మను వరుస వరుసగా గీయు పాత పిక్చర్ ట్యూబు టెలివిజన్ ఆ వేగమునకు తట్టుకొనును. నేటి పలుచని టెలివిజన్ వచ్చిన బొమ్మను సరిదిద్ది చూపుటకు కొంత ఆలస్యము చేయును. ఆ ఆలస్యములో తుపాకి గ్రుడ్డిదగును. కాబట్టి మెరుగైన అలమారపై మెరుగైన క్రొత్త టెలివిజన్ పెట్టి, క్రింద అసలు యంత్రమును, అసలు తుపాకిని ఉంచినను బాతు రాలదు. పాత ట్యూబు టెలివిజన్‌కు చోటు విడువవలసినదే. దాని వెనుకబరువును, లోతును లెక్కించి అరను బలముగా చేయింపవలసినదే. రంపపుపొట్టు పలకలు ఆ బరువునకు క్రుంగును.

ట్యూబు టెలివిజన్ కొరకు కొయ్యపెట్టె యనగనే తెలుగువారిలో ఒక తరమునకు తమ ఇల్లు జ్ఞప్తికి వచ్చును. 1980 దశకమున మద్రాసులో తయారై వచ్చిన టెలివిజన్లు పలు ఇండ్లలో కొయ్యపెట్టెలోనే వెలసినవి. ముందు జరుపుడు తలుపులు, కొన్నిటికి తాళము కూడ. పరీక్షల మాసమున ఆ తాళము పడెడిది. పైన అల్లిక గుడ్డ, దానిపై పూలకుండి. తరువాతి దశకమున జపాను ఫామికామ్‌కు నకళ్ళైన చౌక యంత్రములు పట్టణముల అంగడులలోనికి వచ్చి ఆ టెలివిజన్లకే తగులుకొన్నవి. వేల ఆటలు కలవని కార్ట్రిడ్జిమీద అచ్చువేసి, లోపల పదియో ఇరువదియో ఆటలనే పేర్లు మార్చి త్రిప్పి చూపెడి కార్ట్రిడ్జిలను ఎరుగని వేసవి సెలవులు ఆ తరమునకు లేవు. నాడు తాళము పడినపుడు ఏడ్చినవారే నేడు హైదరాబాదులోనో, అమెరికాలోనో తమ పిల్లలకొరకు ఆ పెట్టెను తిరిగి చేయింప చూచుచున్నారు.

వారికి ఒక హెచ్చరిక అవసరము. అమెరికా యంత్రము 120 వోల్టులకు, జపాను యంత్రము 100 వోల్టులకు చేయబడినవి. ఇచ్చటి గోడలో నున్నది 230. నడుమ తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేక తగిలించినచో ఒక్క క్షణమున కథ ముగియును. అంతకంటె మోసకరమైనది వేరొకటి కలదు. నింటెండో అమెరికా యంత్రపు అడాప్టరు ఏకాంతర విద్యుత్తు నిచ్చును, జపాను ఫామికామ్‌కు కావలసినది ఏకముఖ విద్యుత్తు. తీగకొన దీనికిని దానికిని దూరును. దూరుట వలననే ప్రమాదము. అలమార వెనుక తీగలన్నిటిని చక్కగా కట్టలు కట్టి దాచినవాడు, ఆరునెలల పిమ్మట ఏది దేనిదో తానే గుర్తింపలేడు. అందముకొరకు తీగలను దాచుట ఒప్పును. ప్రతి తీగకొనకు చీటి కట్టకుండుట ఒప్పదు.

ఇక యంత్రపు ప్లాస్టిక్ తొడుగును విప్పి పారవైచి, లోపలి పలకను నేరుగా కొయ్యకు బిగించువారున్నారు. చూచుటకు నిజముగా సొగసుగ నుండును. ఇది తప్పని నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. పాత యంత్రము వృద్ధునివంటిది, దానికి వైద్యుని రాకపోకలు తప్పవు. 1987లో అమెరికాకు వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ కార్ట్రిడ్జిలో, ఆడినవాని పురోగతిని జ్ఞాపకముంచుకొనుటకు ఒక చిన్న బ్యాటరీ కలదు. అది క్షీణించినపుడు జ్ఞాపకము పోవును. మార్చినచో మరల వచ్చును. 2001 నాటి తొలి ఎక్స్‌బాక్స్ లోపల గడియారము కొరకు ఉంచిన కెపాసిటర్ పలు యంత్రములలో కారి, చుట్టునున్న పలకను తినివేయుచున్నది. దానిని వెలికి తీయవలెనన్న యంత్రము చేతికి రావలెను. కొయ్యలో జిగురుతో అతికించిన యంత్రము మరమ్మతునకు రాదు. నేటి యజమాని కాలమున కాకున్న అతని కుమారుని కాలమున అది గోడలోని రాయి యగును. తలుపు గల అరయందు తొడుగుతో సహా, బిగింపు లేక కూర్చున్న యంత్రము ఎప్పుడు పిలిచిన అప్పుడు బయటికి వచ్చును.

తలుపువలన మరియొక ఉపకారము కూడ కలదు. నాటి తొడుగుల ప్లాస్టిక్‌లో నిప్పంటుకొనకుండుటకు బ్రోమిన్ కలిపిన పదార్థములు చేర్చిరి. ఎండవెలుతురు, వేడి తగిలి ఆ తొడుగులు పసుపుబారును. బూడిదరంగు నింటెండో పెట్టెలు కొన్ని నేడు నేయి పులిమినట్లు కనబడుటకు ఇది యొక ముఖ్యకారణము. అద్దపుబల్ల పగలెల్ల వాని ముఖమున వెలుతురును చల్లును. కొయ్యతలుపు చల్లదు.

పిల్లలచేతికి ఇట్టి యంత్రమును ఇచ్చుట తగునా యని సందేహించు ఉపాధ్యాయులు ఉందురు. తెరల బెడద నిత్యము చూచువారి సందేహము న్యాయమైనదే. అయితే ఈ పాత ఆటలలో ప్రకటనలు లేవు, మధ్యలో డబ్బు అడుగుట లేదు, అర్ధరాత్రి పిలుపులు లేవు. మూడు ప్రాణములు పోయినచో ఆట ముగిసినదని తెరయే చెప్పును. కంట్రోలరు తీగ పొట్టిది గనుక అన్నయు చెల్లెలును చాపమీద ప్రక్కప్రక్కన కూర్చుండక తప్పదు. తగవులాడుకొందురు, వంతులు పంచుకొందురు. పరీక్షల మాసమున తలుపు వేయుటకు తలుపు ఉండనే యున్నది.

కావున వడ్రంగికి చెప్పవలసిన మాటలు కొన్ని కలవు. వెనుకపలకను మేకులతో కొట్టవలదు, చేతితో విప్పుటకు వీలగు మరమేకులు చాలును. గోడకును అలమారకును నడుమ చేయి దూరునంత ఎడము కావలెను. చెదల భయము గల ఇంట కాళ్ళక్రింద రాతిముక్కలు వేయవలెను. కార్ట్రిడ్జి పైనుండి దిగు యంత్రమునకు అర ఎత్తు జానెడైనను ఎక్కువ ఉండవలెను. లేదా అరయే సొరుగువలె ముందునకు జరుగవలెను. కంట్రోలర్లకు, ఉయెమురా పెట్టెలో వలె, ఇరుప్రక్కల రెండు గూళ్ళు. ఇవన్నియు విని కొలతలు వ్రాసికొన్న పిమ్మట, తలుపు గడియ ఎంత ఎత్తున పెట్టమందురని వడ్రంగి అడుగును. ఇంటిలో అందరికంటె చిన్నవానిని పిలిచి, కొయ్యప్రక్కన నిలువబెట్టి, చేయి ఎత్తమని చెప్పి, అచ్చట పెన్సిలుతో గుర్తు పెట్టింపవలెను.